అందరూ సరిచేసిన పంపు

ఈమధ్య మా మేనల్లుడి కూతురికి ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఏం పని అని అడిగితే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంది. అంటే ఏమిటని అడిగాను. ఫ్యాక్టరీలో ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలిసేలా, సరుకు పంపేవాళ్లకీ మనకీ మధ్య సమాచారం ఆగకుండా చూడడం అంది. దానికి కంప్యూటర్లో ఒక సిస్టం ఉందట. అది విని నాకు నవ్వాగలేదు. పిల్ల చిన్నబుచ్చుకుంది. నువ్వు చెప్పింది విని కాదమ్మా, మరిపెడ అనే ఊళ్లో జరిగింది గుర్తొచ్చి నవ్వాను అన్నాను. ఆ మరిపెడ సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లలాగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు చదువుకుంటారని.

నేను వరంగల్‌లోనే ఇంజనీరింగ్ చదివి, డెబ్బయ్యో దశకం చివర్లో ములుగు రోడ్డులో ఉన్న ఒక పంపుల ఫ్యాక్టరీలో సర్వీస్ ఇంజనీరుగా చేరాను. రైతుల బావుల మీద పెట్టే కరెంటు పంపులు చేసేవాళ్లం. పంపు చెడిపోయిందని ఎక్కణ్ణుంచి కబురొస్తే అక్కడికి పోయి చూడడం నా పని. ఆ రోజుల్లో ఆడపిల్ల స్పానర్ పట్టుకుని జీపు దిగితే ఊరు ఊరంతా బావి దగ్గరికి వచ్చేది. చాలామంది నేను నర్సునని అనుకునేవాళ్లు. ఒక ఊళ్లో ఒక ముసలాయన వరసలో అందరికంటే ముందు నిలబడి సూది కోసం చెయ్యి చాపాడు.

నా ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి అవి పెద్దగా లేవు కూడా.

ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే

ముందు పంపు గురించి ఒక్క ముక్క తెలియాలి. పంపు లోపల ఫ్యాను రెక్కల్లాంటిది ఒకటి గిర్రున తిరిగి నీళ్లను పైకి తోస్తుంది. దాన్ని ఇంపెల్లర్ అంటాం. దాని చుట్టూ ఉండే ఇనప పెంకును బాడీ అంటాం. ఇంపెల్లర్‌కీ బాడీ లోపలి గోడకీ మధ్య సన్నటి సందుండాలి, మహా అయితే పోస్టుకార్డు మందం. సందు ఎక్కువైతే నీళ్లు పైకెక్కవు. తక్కువైతే ఇంపెల్లర్ గోడకు రాసుకుని పట్టేస్తుంది, పైన మోటారు కాలిపోతుంది. అంతే. ఈ కథలో ఇంతకు మించిన ఇంజనీరింగ్ లేదు.

ఈ పంపు నలుగురి చేతుల మీదుగా రైతుకు చేరేది. బాడీని పోతపోసేది ఖాదర్ భాయ్. వరంగల్ స్టేషన్ అవతల ఆయన ఫౌండ్రీ ఉండేది. మా ఫ్యాక్టరీ పని తప్ప ఆయనకు వేరే పని లేదు. పోత బాడీని లేతు మిషను మీద కోసి నునుపు చేసేది మా ఫోర్‌మన్ కొమురెల్లి. అన్నీ కలిపి పంపుగా బిగించేది దానియేలు గారి విభాగం. ఆయన మా చర్చిలో పాటలు పాడించే పెద్దమనిషి, బోల్టు బిగించేటప్పుడు కూడా గొంతు తగ్గించేవారు కాదు. వీళ్లందరికీ డ్రాయింగులు గీసి ఇచ్చేది శాస్త్రి గారు. ఆయన గీసిన గీత మీద ఇంకొకరు గీత గీస్తే ఆ రోజు ఆయన అన్నం తినేవారు కాదని చెప్పుకునేవాళ్లు.

నలుగురూ మంచివాళ్లే, పనిమంతులే. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అంతే. పగలేం లేవు. మాట్లాడుకోవాల్సిన పని ఉందని ఎవరికీ అనిపించలేదు. ఫౌండ్రీ నుంచి బాడీలు లారీలో వస్తాయి, డ్రాయింగులు ప్యూను చేతిలో వస్తాయి, ఇక మాటలెందుకు? మా ఎండీ గారికి ఈ విషయం తోచి, అందరూ తమకు తెలిసింది పంచుకోవాలని గేటు దగ్గర సలహాల పెట్టె ఒకటి పెట్టించారు. కొన్నాళ్లకు దాన్ని నా ఎదుటే తెరిచారు. అందులో ఒక సినిమా టికెట్టు ముక్క, ఎవరిదో పెళ్లి కార్డు, క్యాంటీను సాంబారులో ఉప్పు గురించి ఒక ఘాటైన కాగితం ఉన్నాయి. ఆ కాగితం మీద చేతిరాత ఎండీ గారి డ్రైవరుదని ఇద్దరం గుర్తుపట్టాం.

చెదలు తిన్న ప్యాట్రన్

మా పంపులకు మంచి పేరుండేది. ఒక వేసవి ముందర, ఉన్నట్టుండి ఆ పేరు పోవడం మొదలైంది. కొత్త పంపులు బిగించగానే గుర్రుమంటున్నాయి. మెకానిక్ వచ్చి చూసి పోయాక పూర్తిగా పట్టేస్తున్నాయి, మోటార్లు కాలిపోతున్నాయి. మరిపెడ, నర్సంపేట, తొర్రూరు, ఎటు పోయినా ఇదే మాట. మిరప తోటలు నీళ్ల కోసం ఎదురుచూసే రోజులవి. డీలర్లు పంపులను తిరిగి లారీల్లో పంపిస్తున్నారు. ఒక డీలరు తన పంపుకు దండేసి మరీ పంపించాడు.

అంతకుముందు జరిగిన కొత్త సంగతి ఒక్కటే. బాడీ పోతపోయడానికి ఖాదర్ భాయ్ దగ్గర ఒక చెక్క నమూనా ఉండేది. ప్యాట్రన్ అనే ఆ నమూనాను ఇసుకలో అదిమి, పడిన గుంటలో కరిగించిన ఇనుము పోస్తారు. వాళ్ల నాన్న కాలం నాటిది. దానికి చెదలు పట్టింది. దాంతో ఆయన మంచి టేకు తెప్పించి, మా డ్రాయింగు ముందు పెట్టుకుని, కొత్త ప్యాట్రన్ చేయించాడు. ఆ పని అయ్యాక సంతోషంతో ఫ్యాక్టరీలో అందరికీ ఆప్రికాట్ పండ్లతో చేసే ఖుబానీ మీఠా పంచాడు. మేమందరం తిన్నాం.

కాబట్టి తప్పెవరిదో తేల్చడం అందరికీ సులువైపోయింది.

ఎండీ గారి గదిలో

ఎండీ గారు అందరినీ పిలిచి టీ, బిస్కెట్లు తెప్పించి, తప్పెవరిది అని అడిగారు. అందరూ టీ వైపు చూశారు. శాస్త్రి గారు డ్రాయింగులో తప్పు లేదన్నారు. కొమురెల్లి డ్రాయింగు ప్రకారమే కోస్తున్నానన్నాడు. దానియేలు గారు డ్రాయింగు ప్రకారమే బిగిస్తున్నానన్నారు. చివరికి ఖాదర్ భాయ్ లేచి, అల్లా మీద ఒట్టేసి, కొత్త ప్యాట్రన్ డ్రాయింగుకు వెంట్రుకంత తేడా లేదన్నాడు.

ఆ గదిలో నిజం చెప్పింది ఆయనొక్కడే. అది ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన ఒక్కడి మాటే ఎవరూ నమ్మలేదు.

ఎండీ గారు, పోత పని హైదరాబాద్ ఫౌండ్రీకి ఇచ్చేస్తానన్నారు. ఖాదర్ భాయ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన ఫౌండ్రీలో పనిచేసే కుటుంబాలన్నీ ఆ ఒక్క మాటతో వీధిలో పడతాయి. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. నేను ఎండీ గారితో, ముందు మరిపెడ దగ్గర పట్టేసిన పంపు ఒకటి ఉంది, ఈ నలుగురినీ నా వెంట పంపండి, పంపును వాళ్ల ముందే విప్పుతాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆయనకు మరిపెడ డీలరు నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. తీసుకుపో, నీళ్లు పడకుండా మాత్రం ఎవరూ తిరిగి రావద్దన్నారు.

జీపులో వరంగల్ నుంచి మరిపెడ దాకా డ్రైవరు కాక ఐదుగురం కూర్చున్నాం. ఆ దారంతా మాట్లాడింది గేరు ఒక్కటే.

సమ్మక్క బావి

ఆ పంపు సమ్మక్క అనే రైతుది. మొగుడు పోయినంక రెండెకరాల మిరప తోట తానే చేసుకుంటోంది. మేం పోయేసరికి తోట తల వేలాడేసి ఉంది. ఆమె మాత్రం నిటారుగా నిలబడి ఉంది. మరిపెడలో రిపేరు షాపున్న మెకానిక్ యాదగిరి కూడా అక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల మా పంపులన్నిటికీ దవాఖాన అతని షాపే.

మా డ్రైవరు కుండలో నీళ్లు తాగుతుంటే సమ్మక్క జీపు దగ్గరికి పోయి తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది. తర్వాత గట్టు మీద కూర్చుని, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"బిడ్డా, మీరు మంచిగ సూడున్రి. తొందరేం లేదు. నీళ్లు పడ్డంక పోదురు."

శాస్త్రి గారు సాయంత్రం ఇంట్లో వ్రతం ఉందన్నారు. సమ్మక్క దేవుడికి దండం పెట్టుకుని, అయితే జల్ది కానియ్యున్రి అంది.

యాదగిరి పంపు విప్పాడు. కొమురెల్లి, దానియేలు గారు చెరో పక్కన కూర్చుని అతని చేతులనే చూస్తున్నారు. ఇంపెల్లర్ బయటికి రాగానే యాదగిరి దాని వెనకాల నుంచి ఏదో తీసి గభాల్న అంగీ జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. ఏంటన్నా అది అని అడిగాను. ఏం లేదు మేడం అన్నాడు. చెయ్యి చాపాను. జేబులోంచి ఒక వాషర్, నడుమ చిల్లున్న చిన్న ఇనప బిళ్ల, తీసి నా చేతిలో పెట్టాడు.

మా పంపులో ఆ చోట వాషర్ ఉండదు. ఎందుకు వేశావని అడిగాను. పంపు గుర్రుమంటాంది అని సమ్మక్క చెబితే మొన్న వేశానన్నాడు. గుర్రుమంటే వాషర్ ఎందుకన్నాను. అతను తల గోక్కుని, మీ పంపులన్నిటికి ఏస్త మేడం, కంపెనీ వాళ్లు పెట్టుడు మరిచిపోతరు, అది లేకుంటే నీళ్లు మంచిగ ఎక్కవు అన్నాడు. షాపు పెట్టినప్పటి నుంచి ప్రతి పంపుకూ వేస్తున్నాడట. జ్వరమైనా, దగ్గైనా, కాలు బెణికినా అతని దగ్గర మందు ఆ వాషర్ ఒక్కటే. వాషర్ వేస్తే ఇంపెల్లర్ ముందుకు జరిగి గోడకు దగ్గరవుతుంది. అసలే రాసుకుంటున్న పంపుకు వేసేసరికి పూర్తిగా పట్టేసింది.

దానియేలు గారికి కోపమొచ్చింది. మా పంపులో చెయ్యి పెట్టడానికి నువ్వెవరు, సందు తగ్గించడానికి మేం పలచ అట్ట వేస్తూనే ఉన్నాం కదా అని గద్దించారు.

అది ఆయన నోరు జారి వచ్చిన మాట. బాడీకీ మోటారుకూ మధ్య దళసరి అట్ట ప్యాకింగు వెయ్యాలని డ్రాయింగులో ఉంది. అది పలచదైతే బాడీ ఇంపెల్లర్ వైపు జరుగుతుంది. ఎప్పటి నుంచి పలచది వేస్తున్నారని అడిగాను. దానియేలు గారు ఆకాశం వైపు చూసి, చాలా కాలమైందన్నారు. టెస్టులో నీళ్లు తక్కువ పోస్తుంటే తనకు తోచిన ఉపాయమట.

కొమురెల్లి లేచి నిలబడ్డాడు. "నువ్వు పలచ అట్ట ఏత్తాన్నవా? మరి నేను బాడీ మూతిని ఎక్కువ కోత్తాన్న గదనే!"

అతనిదీ అదే కథ. బాడీలు లోతు ఎక్కువగా వస్తున్నాయని చూసి, ఎవరికీ చెప్పకుండా, మూతి దగ్గర కొంచెం ఎక్కువ కోసి లోతు తగ్గిస్తున్నాడు. చెబితే డ్రాయింగు తప్పినట్టు అవుతుందని భయం.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని శాస్త్రి గారి వైపు తిరిగారు. ఆయన చాలాసేపటి నుంచి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఆయన గొంతు సవరించుకుని, ఇంపెల్లర్ డ్రాయింగులో రెక్కల ఎత్తు తాను కూడా కొద్దిగా పెంచినట్టు చెప్పారు. తన డ్రాయింగులోనే లోపముందని అనుకున్నారట. అది నలుగురికీ తెలియడం ఇష్టం లేక, పాత కాగితం తీసేసి అదే నంబరుతో కొత్తది పెట్టారట.

అసలు లోపం ఏ డ్రాయింగులోనూ లేదు. ఖాదర్ భాయ్ నాన్న కాలం నాటి చెక్క ప్యాట్రన్‌లో ఉంది. దాన్నుంచి బాడీలు లోతుగా వచ్చేవి. ఆ లోతును శాస్త్రి గారు కొంత, కొమురెల్లి కొంత, దానియేలు గారు కొంత, యాదగిరి మిగిలినంత, ఒకరికి తెలియకుండా ఒకరు సరిచేశారు. నాలుగూ కలిసి పంపు బ్రహ్మాండంగా నీళ్లు పోసింది, మాకు మంచి పేరొచ్చింది. ఇప్పుడు చెదలు పుణ్యమా అని అసలు లోపం పోయింది. సరిచేయడాలు నాలుగూ మిగిలాయి.

విషయం అర్థమయ్యాక ఖాదర్ భాయ్ గట్టు మీద కూలబడ్డాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"ఇన్నేండ్లు తప్పు చేసి ఇచ్చిన, మంచోడన్నరు. ఒక్కపారి కరెక్టు చేసిన, పని పీకేత్తమంటాండ్లు."

ముందు నవ్వింది యాదగిరి. తర్వాత దానియేలు గారు, పాట పాడినంత గట్టిగా. శాస్త్రి గారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. సమ్మక్క ఒక్కతే నవ్వలేదు. అందరూ ఒక్క జీపుల్నే వచ్చిన్రు గదా, తొవ్వల మాట్లాడుకోలేదా అని అడిగింది.

వాషర్ తీసేశాం. దళసరి ప్యాకింగు మా దగ్గర లేదు. యాదగిరి షాపు నుంచి చెప్పుల డబ్బా తెప్పించి, దాని అట్టను దానియేలు గారు కత్తిరించి, గ్రీజు పూసి బిగించారు. స్విచ్ వేసేటప్పుడు శాస్త్రి గారు కళ్లు మూసుకున్నారు. పంపు గుర్రుమనలేదు. పైపు మొదట దగ్గింది, బురద ఉమ్మింది, ఆ తర్వాత తొడ లావున నీళ్లు దూకాయి.

సమ్మక్క తాళంచెవి ఇవ్వలేదు. నీళ్లు చివరి సాలు దాకా పోయాక ఇస్తానంది. అందాకా మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వ్రతమున్న శాస్త్రి గారు అరటిపళ్లు తిని, యాదగిరికి నేల మీద పుల్లతో ఇంపెల్లర్ బొమ్మ గీసి చూపించారు. యాదగిరి ఆ గీత మీద ఇంకో గీత గీశాడు. శాస్త్రి గారు ఇంకో అరటిపండు ఒలుచుకున్నారు.

మర్నాడు

ఎండీ గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు, తప్పెవరిది? నోటీసులో ఒక పేరు రాయాలి కదా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఏం జరిగిందని అడగకుండా ఎవరు చేశారని ముందు అడిగే అలవాటు పైవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఈ రోజుకీ తెలియదు. అలా అడిగే చోట ఎవరూ నోరు విప్పరు. మా వాళ్లు అన్నేళ్లు దాచింది దురుద్దేశంతో కాదు, ఆ ప్రశ్నకు భయపడి. ఎండీ గారితో ఒకే మాట అన్నాను. ఇప్పుడు ఒక పేరు రాస్తే, ఇక ఈ ఫ్యాక్టరీలో మీకు ఎవరూ ఏమీ చెప్పరు. ఆయన కాసేపు కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఆ కాగితాన్ని పక్కకు తోశారు. ఖాదర్ భాయ్ పని ఖాదర్ భాయ్‌కే ఉండిపోయింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కాలేదు.

ఆ తర్వాతి విడతలో వచ్చిన పంపులు ఒక్క చుక్క పైకెక్కించలేదు. గుర్రుమనడం లేదు, పట్టేయడం లేదు, హాయిగా, చల్లగా, ఉత్తినే తిరుగుతున్నాయి. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. శాస్త్రి గారు పశ్చాత్తాపపడి రెక్కల ఎత్తు తగ్గించేశారు. కొమురెల్లి ఎక్కువ కోయడం మానేశాడు. దానియేలు గారు దళసరి అట్టకు మారారు. ఇవన్నీ సరిగ్గా చెయ్యాల్సినవే. కానీ ఖాదర్ భాయ్, వీళ్లందరి అలవాట్లూ చూసి భయపడి, ఎందుకొచ్చిన గొడవని చెదలు తిన్న పాత ప్యాట్రన్‌కు లప్పం పూసి మళ్లీ అదే వాడడం మొదలుపెట్టాడు. మునుపటిలా తప్పుగా పోస్తే అంతా మునుపటిలా ఉంటుందని ఆయన లెక్క.

అన్ని మాటలు మాట్లాడుకుని వచ్చాక కూడా, ఎవరికి వారు మళ్లీ చెప్పకుండానే సరిచేశారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒకసారి మనసు విప్పి మాట్లాడుకోవడం వేరు, రోజూ చెప్పుకోవడం వేరు అని ఆ రోజు తెలిసింది. మొదటిదానికి ఒక బావి, ఒక కొంగు ముడి చాలు. రెండోదానికి ఏళ్లు పట్టింది.

మేం చేసింది పెద్దదేం కాదు. నెలకోసారి ఖాదర్ భాయ్ ఫౌండ్రీలోనో, మా లేతు దగ్గరో, యాదగిరి షాపులోనో కూర్చుని ఒక పంపు విప్పేవాళ్లం. ఏదైనా మారిస్తే నీకు ముందున్నవాడికీ, నీ తర్వాతవాడికీ నోటితో చెప్పాలి, అదొక్కటే షరతు. మొదట్లో ఎవరూ చెప్పలేదు, ఖాదర్ భాయ్ తెచ్చే మీఠా కోసం వచ్చేవాళ్లు. చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టడం లేదని నమ్మకం కుదిరాక ఒకటొకటిగా చెప్పసాగారు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ సిస్టం మంచిదే కావచ్చు. కానీ మనిషి తనకు తెలిసింది చెప్పేది సిస్టం ఉందని కాదు, చెబితే తన నెత్తి మీదికి రాదని తెలిశాకే. ముందు ఆ పని చూసుకోండి. కంప్యూటర్ తర్వాత కొనుక్కోవచ్చు.

ఇసుక

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక పొద్దున నేను ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఫోను మోగింది. అవతల ఖాదర్ భాయ్. నమస్తే కూడా చెప్పకుండా మొదలుపెట్టాడు.

"మేడం, పోతకు ఇసుక మార్చిన. పాత వాగుల దొరుకుత లేదు. దాంతోటి ఏమన్న అయితదో కాదో నాకు తెల్వదు. జర చెప్పి పెడదామని."

ఏమీ కాకముందే, ఎవరూ అడగకముందే, తప్పో ఒప్పో తనకే తెలియని సంగతి ఒక మనిషి ఫోన్ చేసి చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఫోను పెట్టేసి కొమురెల్లికి చెప్పాలని లేతు దగ్గరికి ఉరికాను. అతను అప్పటికే కొత్త బాడీని గోటితో గీకి చూస్తున్నాడు. ఖాదర్ భాయ్ నిన్ననే వచ్చి చెప్పిండు మేడం అన్నాడు. దానియేలు గారి దగ్గరికి పోతే, ఆయనకు చర్చి దగ్గర కొమురెల్లి చెప్పాడట. శాస్త్రి గారు ఇసుక మీద అప్పటికే ఒక చిన్న ఉపన్యాసం తయారుచేసుకుని కూర్చున్నారు. కనీసం యాదగిరికైనా నేనే చెబుదామని మరిపెడకు ట్రంకాల్ బుక్ చేశాను. చాలాసేపటికి లైను కలిసింది. ఇసుక అనగానే అటువైపు నుంచి, నాకు ఎరుకే మేడం, పొద్దటి బస్సు డ్రైవరుతోని కబురొచ్చింది అన్నాడు.

అంత పెద్ద ఫ్యాక్టరీలో ఆ సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. నా సర్వీసు మొత్తంలో నేను అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.